బడి వరండాలో అర్జీల బల్ల

మా బస్తీ బడిలో అర్జీల బల్లను హెడ్మాస్టరే తీసేయించారని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. పిల్లల చేత వ్యాపారం చేయిస్తున్నారని పైవాళ్లకు ఫిర్యాదు రాసింది నేను. తొమ్మిదో తరగతి పిల్లలు సాయంత్రాలు వరండాలో కూర్చుని, రెండు రూపాయలకే బస్తీవాళ్లకు దరఖాస్తులు నింపి ఇచ్చేవారు. అదే పని మీద బతికే నా జిరాక్స్ దుకాణానికి జనం రావడం మానేశారు.

ఆ తర్వాత కొన్ని నెలలకు, మా బస్తీకి దగ్గరి యాకుత్‌పురా స్టేషన్ బెంచీ మీద నేనెన్నడూ చూడని ఒక పెద్దావిడ నా జేబులో పెన్ను చూసి కాగితం చాపింది. అది వితంతు పింఛను దరఖాస్తు.

“భాయ్, జర నింపుతవా? బడిల పిల్లలు రాసిచ్చేటోళ్లు. ఎవడో లొల్లి జేసి బంద్ వెట్టించిండట. అప్పటిసంది గిది సంచిలనే ఉన్నది.”

“ఎవరట?” అన్నాను.

“ఎవడైతేంది. వాని ఇంట్ల అందరికీ చదువొస్తది కావచ్చు.”

కాగితం పైన అచ్చువేసిన గడువు దాటి నెలయింది. ఆమెకు చదవడం రాదు. నేను చెప్పలేదు. అన్ని గడులూ నింపి, వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించాను.

“రేపే ఇచ్చొస్త,” అంటూ ఆమె కాగితాన్ని బురఖా లోపల దాచుకుంది. రైలు రాగానే ఆమె ముందు పెట్టె ఎక్కింది, నేను వెనక పెట్టె ఎక్కాను.