నిండే సంచి

ఇళ్లు మారేవాళ్ల సామానును లారీలో సర్దించడం మేస్త్రి పని. బీరువా ఎక్కిస్తుండగానే దాని పక్కన మిగిలే జానెడు సందులోకి ఏ పరుపు దూరుతుందో కంటితోనే కొలిచేస్తాడు. సాయంత్రం స్నానం చేసి పాత కంప్యూటర్ ముందు కూర్చుంటే, కూతురు బడికెళ్లే రోజుల నుంచీ ఆడుతున్న ఆ ఒక్క గేమే. గుహలోకి దిగి రాక్షసులను నరకాలి, వాళ్ల దగ్గర దొరికినవి సంచిలో వేసుకోవాలి. సంచికి నలభై గళ్లే. కత్తికి మూడు గళ్లు, డాలుకు నాలుగు, మందుసీసాకు ఒకటి. నరికేది రెండు నిమిషాలైతే సర్దేది పావుగంట. కత్తిని నిలువుగా తిప్పుతాడు, డాలును మూలకు జరుపుతాడు, గడ్డం గోక్కుంటాడు, చివరికి ఏ బంగారు కిరీటాన్నో నేల మీదే వదిలేసి కదులుతాడు. "అక్కడా లారీయేనా?" అంటుంది భార్య.

సోమవారం కూతురు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తోంది. తను లేకపోతే నాన్నకు పొద్దుపోదని కొత్త గేమ్ ఒకటి తెచ్చి ఎక్కించింది. అందులో మనుషులు నిజం మనుషుల్లాగే చెమటలు కక్కుతున్నారు. మేస్త్రి అరగంట ఆడి, దాన్ని మూసి, మళ్లీ పాత గుహలోకే దిగాడు.

"నచ్చలేదా నాన్నా?" అంది కూతురు, మొహం చిన్నబుచ్చుకుని.

"బాగానే ఉందమ్మా. కానీ అందులో సంచి నిండదు. ఎన్ని వేసినా పడతాయి. ఇంక ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో చూసుకునే పనేముంది?"

కూతురు గదిలోకి వెళ్లి, పొద్దుటి నుంచీ మూత పడని తన సూట్‌కేసును ఈడ్చుకొచ్చి తండ్రి కుర్చీ పక్కన పెట్టింది.

"ఇదైతే నిండింది నాన్నా" అంది.

మేస్త్రి ఆట ఆపి గడ్డం గోక్కున్నాడు.