నూట యాభై అంకె చూసి తెచ్చిన బ్యాటరీ

కార్తీకమాసం, రెండో బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. నేను రిటైరవడానికి ఎనిమిదేళ్ల ముందు. భీమవరంలో సుబ్బరాజు గారి లారీల షెడ్డులో హెడ్ ఎలక్ట్రీషియన్ని. ఆకివీడు దగ్గర చెరువు గట్టు మీద చేపల లోడు లారీ స్టార్ట్ కావడం లేదంటే వెళ్లాను.

అప్పటికే రాజు గారు డ్రైవర్ సూర్యం దగ్గర తాళం లాగేసుకున్నారు. "లోడింగంతసేపూ లైట్లూ పాటలూ పెట్టుక్కూచున్నావ్. కొత్త బ్యాటరీలు తినేశావ్. ఇక నా బండెక్కకు."

"పాటలెక్కడివండి, టేపు పాడై నెలయింది. మీరేగా బాగు చేయించందీ."

ఐసు కొట్టే నాగమణి పార పక్కన పెట్టింది. "తగువు తర్వాత పెట్టుకోండి రాజు గారూ, ఐసు కరిగిపోతాందండి."

వారం కిందట ఆ బ్యాటరీలు ఎంచింది నేను. పెద్ద లారీకి ఇరవై నాలుగు వోల్టులు కావాలి కనుక పన్నెండువి రెండు కలుపుతాం. పాతవాటి సైజు పెట్టె, ఎంత చార్జి పడుతుందో చెప్పే అదే నూట యాభై అంకె చూసి కొట్లో తీయించాను. నాకు అంకెలొచ్చు, అక్షరాలు రావు. ఆ సంగతి దాచుకుంటూ వచ్చాను.

మీటరు పెడితే చార్జింగు నిండుగా ఉంది. అంటే సూర్యం తప్పు లేదు. సెల్ఫ్ కొట్టగానే మాత్రం వోల్టేజి పడిపోతోంది. సూర్యం వంగి లేబులు చూసి నా చెవిలో అన్నాడు: "మేస్త్రి గారూ, ఇది ఇన్వర్టర్‌దని రాసుందండి." గట్టిగా అని ఉంటే అతని ఉద్యోగం అప్పుడే నిలబడేది.

ఇన్వర్టర్ బ్యాటరీ గంటల తరబడి కొంచెం కొంచెంగా ఇస్తుంది. లారీ సెల్ఫ్‌కి నాలుగు సెకన్లలో ఒక్క ఉదుటున కావాలి. వారమంతా వరస ట్రిప్పుల్లో ఇంజను వేడి మీదుండి ఎలాగో లాగింది, రాత్రంతా లోడింగులో ఆగి చల్లారాక చేతులెత్తేసింది.

"తప్పు నాదండి. చదవడం రాక తెచ్చాను. తాళం అతనికిచ్చెయ్యండి" అన్నాను.

రాజు గారు నా వంక చూశారు. "మరి ఇన్నాళ్లూ లాగ్‌బుక్కులో ఏం రాశావయ్యా?"

"అంకెలేనండి."

ఆయన తాళం సూర్యం చేతిలో పెట్టారు. వెనక లారీ డ్రైవర్ ఏసు తన బ్యాటరీల నుంచి కేబుళ్లిస్తే స్టార్ట్ చేసి పంపాం. తర్వాత సూర్యమే బ్యాటరీ లేబుళ్ల మీద నాకు అక్షరాలు దిద్దబెట్టాడు.

బ్యాటరీకి అంకె ఒక్కటే చూడకూడదు. దేనికి చేశారో చదవాలి. చదవడం రాకపోతే అడగాలి.

ఆ ఉదయం గట్టు మీద ఉన్నది సుబ్బరాజు గారు, సూర్యం, నాగమణి, ఏసు, నేను, అంటే మేస్త్రి అప్పలస్వామి.