గీత కింద పేర్లు

బొగ్గుపొడిలో దొండాకు పసరు కలిపినప్పుడు వచ్చే వాసనకు పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కాస్త పచ్చిగా, కాస్త చేదుగా, వానకు తడిసిన పొయ్యి దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. నిన్న మధ్యాహ్నం పులివెందుల దగ్గరి మా బడిలో ఐదో తరగతి పిల్లలు ఆ ముద్దను బయటి గోడకు పూస్తున్నారు. బోర్డుకు పూసే నల్లరంగు డబ్బాల్లో దొరుకుతుందని నాకూ తెలుసు. అయినా ఏడాదికొకసారి బొగ్గు నూరించి, ఆకు పిండించి, పిల్లలచేతే పూయిస్తాను. వాళ్ళకు మోచేతుల దాకా నలుపు, నా చొక్కాకు న్యాయంగా రావలసిన వాటా. ఆ వాసన ముక్కుకు తగలగానే నా నడుము దానంతటదే నిటారుగా లేచింది. "ఏమప్పా చంద్రా, గోడకు పూస్తాండావా, చొక్కాకు పూస్తాండావా?" అని ఖాసింబీ టీచరు వెనకనుంచి అడిగినట్టే అనిపించింది. టీచరు పోయి ఏడాదిన్నర అయింది. కానీ నా వీపుకు ఆ సంగతి ఇంకా తెలియలేదు.

గండికోట జలాశయం కింద ఊరు పోగొట్టుకున్న వాళ్ళకు కొండాపురం దగ్గర కట్టిన కాలనీలో ఆమె ప్రధానోపాధ్యాయురాలు. బడి రెండే గదులు. టీచర్లం ఇద్దరమే కాబట్టి, ఆమె ప్రధానం, నేను అప్రధానం. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, ఎండకూ వానకూ కుక్కలకూ కలిపి ఒకటే గొడుగు. వాళ్ళ నాయన ప్రొద్దుటూరు వీధుల్లో పరుపులు కుట్టి పిల్లలను చదివించాడు. ఆమె రోజూ ప్రొద్దుటూరులో బస్సెక్కి, ముద్దనూరులో మారి, మొదటి గంటకు ముందే బడి వాకిట్లో ఉండేది. నాది జమ్మలమడుగు. ఆమె కంటే దగ్గరివాణ్ణి, కాబట్టి ఆమె కంటే ఆలస్యంగా వచ్చేవాణ్ణి.

బడి బయటి గోడ బస్సు ఆగే చోటికి ఎదురుగా ఉండేది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూడడానికి ఆ గోడ తప్ప అక్కడ ఇంకేమీ లేదు. దానికి నలుపు పూయించి, ప్రతి శనివారం సుద్దముక్కతో 'ఈ వారం మా బడి' అని రాయించేది. ఏ పాఠం అయింది, ఎక్కడికి పోయి వచ్చాం, ఎవరు ఏం సాధించారు, అన్నీ ఉండేవి. ఆ తర్వాత గోడకు ఈ చివరినుంచి ఆ చివరిదాకా అడ్డంగా ఒక గీత. గీత కింద, ఆ వారం పని కానివాళ్ళ పేర్లు. చదవలేకపోయినవాళ్ళు, లెక్క రానివాళ్ళు, లాగు నాడా ముడి వేయడం నేర్చుకోలేనివాళ్ళు.

నేను చేరిన వారంలోనే అడిగాను. "పిల్లోళ్ళ పరువు పోదా మేడం?"

"పక్కన ఏం రాసినానో చూడప్పా," అంది.

చూశాను. గీత కింద ఉన్న ప్రతి పిల్ల పేరు పక్కనా ఒక టీచరు పేరు ఉంది. కొన్నిటికి ఖాసింబీ. మిగిలినవాటి పక్కన, అప్పుడే రాసిన సుద్దతో, నా పేరు. అందులో మూడో తరగతి సుగుణ అనే పిల్ల పేరు పక్కన నా పేరు అందరికంటే పెద్ద అక్షరాలతో ఉంది.

"ఆ పిల్ల చదవలేదు అంటే, నువ్వు చదివియ్యలేదు అని. పరువు పోతే ఇద్దరిదీ పోతాది. తోడుంటే భయమెందుకు?"

తోడుగా ఉన్నందుకు నాకే భయం వేసింది.

సుగుణకు చదవడం రాదు గాని లెక్కల్లో రాకెట్టు. ఒకరోజు నేను బోర్డు మీద ఏడో ఎక్కం రాస్తూ, ఏడెనిమిదులు యాభై నాలుగు అన్నాను. వెనక వరుసలోంచి ఆ పిల్ల, "యాభై ఆరు గదా సార్," అంది. నేను గంభీరంగా, "నీకు వస్తాదో లేదో చూద్దామని," అన్నాను. పిల్లలు నమ్మారు. కిటికీ అవతల నిలబడ్డ ఖాసింబీ టీచరు నమ్మలేదు. ఆ శనివారం గీతకు పైన, 'సుగుణ ఏడో ఎక్కంలో తప్పు పట్టింది' అని ఉంది. గీతకు కింద, 'చంద్రశేఖర్ సార్, ఏడో ఎక్కం' అని ఉంది. పక్కన, బాధ్యత తీసుకున్న టీచరుగా, ఆమె పేరు. ఆ తర్వాత రెండు నెలలు నేను బస్సు దిగడం ఒక జాతర అయింది. "సార్, టికెట్లు ఏడు, మనిషికి ఎనిమిదైతే ఎంతైతాది?" అని కండక్టరు అడిగేవాడు. టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు, "సార్‌ను ఇబ్బంది పెట్టొద్దప్పా, నేర్చుకుంటాండాడు," అనేవాళ్ళు. నాకు కోపం వచ్చింది. చాలా రోజులకు గాని ఒక సంగతి గమనించలేదు. అంతకుముందు నాతో మాట్లాడని కాలనీ, అప్పటినుంచి నాతో మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆ ఏడు పరిసరాల పాఠంలో 'మన ఊరు' వచ్చింది. పుస్తకంలో చెరువు, పంచాయతీ ఆఫీసు, పోస్టాఫీసు బొమ్మలున్నాయి. ఖాసింబీ టీచరు పుస్తకం మూసి, "మీ ఊరు యాడుంది?" అని అడిగింది. పిల్లలు ఒక్కరూ కాలనీ పేరు చెప్పలేదు. "నీళ్ళ కింద," అన్నారు. ఆ వారమంతా పిల్లలు ఇంటింటికీ పోయి అవ్వాతాతలను అడిగి, ఏ సందులో ఎవరి ఇల్లు, ఏ మలుపులో ఏ బావి అని రాసుకొచ్చారు. సుగుణకు రాయడం రాదు కాబట్టి అంగలు లెక్కపెట్టింది. వాళ్ళ అవ్వ ఓబులమ్మ కళ్ళు మూసుకొని తన ఇంటినుంచి బావిదాకా నడిచినట్టు చెబుతుంటే, అడుగుకొక వేలు మడిచింది. తర్వాత అందరినీ జలాశయం గట్టుకు నడిపించుకుపోయాం. అది మా విహారయాత్ర. పులిహోర పొట్లాలు తిని, నీళ్ళకేసి చేతులు చూపిస్తూ, అదిగో మా ఇల్లు, అదిగో మీ ఇల్లు అని పిల్లలు పోట్లాడుకున్నారు. కనిపించేదంతా నీళ్ళే. హద్దు తగాదాలు మాత్రం అసలైనవి.

ఆ ఊరిని బంకమట్టితో చేసి జమ్మలమడుగులో బడిపిల్లల ప్రదర్శనకు తీసుకుపోయాం. చూడడానికి వచ్చిన పెద్దమనిషి, "ఈ ఊరు యాడుంది పాపా?" అని అడిగితే, "ల్యాదు సార్. అందుకే చేసినాం," అంది సుగుణ. బహుమతి రాలేదు. వేరే బడివాళ్ళు చేసిన, దీపాలు వెలిగే రాకెట్టు బొమ్మకు వచ్చింది. శనివారం గోడ మీద, గీత కింద, 'జమ్మలమడుగులో బహుమతి రాలేదు' అనీ, గీత పైన, 'ఊరంతా ఓబులమ్మవ్వకు సరిపోయింది, బావి మాత్రం రెండడుగులు జరగాల' అనీ రాశాం.

ఆ తర్వాత పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మా బడిలో పిల్లలు తక్కువ, కాబట్టి మూడు, నాలుగు, ఐదు తరగతులను పెద్దరోడ్డు అవతలి బడిలో కలపాలనే ఆలోచన ఉంది, తల్లిదండ్రుల కమిటీ తీర్మానం కావాలి, సోమవారం అధికారి వస్తారు. పెద్దరోడ్డు మీద లారీలు ఆగవు. దాటించే మనుషులు పొద్దున్నే కూలికి పోతారు. ఆడపిల్లలను ఇళ్ళల్లో నిలిపేస్తారని నాకూ తెలుసు. అందరికంటే ముందు నిలిచిపోయేది సుగుణ. ఆమెకు ఉన్నది అవ్వ ఒక్కతే.

ఆ శనివారం ఖాసింబీ టీచరు మీటింగుకని మధ్యాహ్నమే కడపకు పోయింది. గోడ నా చేతికి వచ్చింది. నేను గీత గీయలేదు. నాకు చేతనైనంత అందంగా, అంటే చదవగలిగేంత అందంగా, 'మా పిల్లలందరూ తప్పుల్లేకుండా చదువుతారు' అని గోడ నిండా రాశాను. బడిని కాపాడానని జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని నన్ను నేను మెచ్చుకున్నాను.

సోమవారం ఆమె నాకంటే ముందే వచ్చింది. నేను బస్సు దిగేసరికి గొడుగు మూసి గోడ ముందు నిలబడి ఉంది.

"ఎవురప్పా రాసింది?"

"బడి కోసం మేడం."

"బడి కోసమా, భయం కోసమా?"

ఆమె బకెట్‌లో గుడ్డ ముంచి తుడవడం మొదలుపెట్టింది. మునికాళ్ళ మీద లేచినా పై వరుస అందలేదు. "నువ్వే తుడవప్పా, పొడుగున్నావు గదా," అంది. తుడిచాను.

"మా నాయన పరుపులు కుట్టేవాడు," అంది, నేను తుడుస్తూ ఉండగా. "దూది తక్కువేసి పైన పూలగుడ్డ కుట్టమనేవాళ్ళు కొందరు. మా నాయన కుట్టేవాడు గాదు. చూసేవానికి తెలీదులే భాయ్ అంటే, పండుకునేవానికి తెలుస్తాది గదా అనేవాడు. ఆ సారు వచ్చి చూసి పోతాడు. ఈడ పండుకునేది ఈళ్ళు."

"నిజం రాస్తే బడి పోతాది మేడం."

"పోతే బడి పోతాది. ఇది రాస్తే గోడ పోతాది. గోడ పోయినాక ఈళ్ళు మనల్ని ఎట్ల నమ్మల్ల?"

పదకొండు గంటలకు అధికారి వచ్చేసరికి గోడ మీద గీత ఉంది. గీత కింద చదవలేని నలుగురి పేర్లు ఉన్నాయి. సుగుణ పేరు, పక్కన నా పేరు. చివరి వరుసలో, 'చంద్రశేఖర్ సార్, శనివారం గోడ మీద అబద్ధం రాసినారు', పక్కన ఖాసింబీ. ఆ వరుసను నాచేతే రాయించింది.

ఆయన చెడ్డమనిషి కాదు. గోడంతా నిదానంగా చదివాడు. వరండాలో కూర్చున్న తల్లిదండ్రులతో మెత్తగా చెప్పాడు. "చూడండి, మీ గోడే చెప్తాంది, నలుగురికి చదవడం రాదని. పెద్ద బడిలో ఎక్కువమంది టీచర్లు ఉంటారు. మీ పిల్లల మేలుకే." నేను ఖాసింబీ టీచరు వైపు చూశాను. చెప్పానా, లేదా అన్న చూపు అది. ఇప్పుడు తలచుకుంటే ఆ చూపుకు సిగ్గేస్తుంది.

"మేడం, మీరు చెప్పండి వీళ్ళకు," అన్నాడు ఆయన.

"నేను చెప్పేది ఆ గోడ మీదుండాది సార్. అది కాక వేరే మాట నా కాడ లేదు."

అప్పుడు ఓబులమ్మ లేచింది. చదువు రాని మనిషి. ప్రతి శనివారం బస్సు దగ్గర ఎవరినో ఒకరిని, 'మా పిల్ల గీత పైనుందా, కిందుందా?' అని అడిగి తెలుసుకునేది.

"సారూ, మా పిల్ల ఏడాది నుంచి గీత కిందనే ఉండాది. నాకు తెలుసు. ఎట్ల తెలుసు? ఈ టీచరమ్మ జెప్పింది. మీ పెద్ద బడిలో నా మనవరాలికి చదువు రాకపోతే నాకు ఎవురు జెప్తారు? ఆడ గోడుందా?"

"గోడ కోసం బడి నడుపుతామా అవ్వా?"

"చెరువొస్తాది, అందరికీ మేలు అంటే, మేం లేచినాం. ఇల్లు ఇడిసి, బావి ఇడిసి లేచినాం. ఒకసారి నీళ్ళకు లేచినాం సారూ. కాగితానికి లేయం."

వెనక ఎవరో, "ఏడెనిమిదులు రాని సార్‌ను గూడా ఇయ్యం, రాసుకోండి," అన్నారు. వరండా అంతా నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. ఆ రోజు నన్ను నేను ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు గాని, అంతకంటే మంచి మాట నా గురించి ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. తీర్మానం పుస్తకం చేతులు మారి మారి, ఒక్క సంతకం గాని, ఒక్క వేలిముద్ర గాని పడకుండా టేబుల్ మీదకు తిరిగొచ్చింది. ఖాసింబీ టీచరు దాన్ని మూసి, రెండు చేతులతో ఆయనకు అందించింది. "మజ్జిగ తాగి పోండి సార్," అంది.

తరగతులు కదలలేదు. మరుసటి ఏడు మళ్ళీ కాగితం వచ్చింది. మళ్ళీ అట్లాగే పోయింది. చదవడంలో సుగుణ పేరు గీత పైకి ఎక్కడానికి, అధికారి వచ్చిపోయాక ఇంకో ఐదు నెలలు పట్టింది. ఆ శనివారం గోడ మీద ఆమె పేరును ఎవరూ రాయలేదు, ఆమే రాసుకుంది. తర్వాత బస్సు ఆగే చోటికి పరిగెత్తి, అవ్వ చెయ్యి పట్టి లాక్కొచ్చి, మొదటి వరుస నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివి వినిపించింది. గీత కింద ఉన్నవి కూడా వదలలేదు. ఖాసింబీ టీచరు రెండో కాగితం వచ్చిన సంవత్సరమే రిటైరయింది. పోతూ పోతూ నాకు గొడుగు ఇస్తుందేమో అనుకున్నాను. తడిగుడ్డ ఇచ్చింది.

నిన్న గోడ ఆరింది. మా బడిలో కొత్తగా చేరిన టీచరమ్మాయి నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "సార్, రేపు పై ఆఫీసు నుంచి వస్తాండారంట. ఈ ఒక్క వారానికి గీత కింద ఖాళీగా పెడదామా?"

ఆ అమ్మాయిని కోప్పడలేదు. ఆ పని నేను ఒకప్పుడు ఎవరినీ అడగకుండానే చేసినవాణ్ణి. సుద్దముక్క తీసుకొని గోడకు ఈ చివరినుంచి ఆ చివరిదాకా గీత గీశాను. అది కాస్త వంకరగా వచ్చింది. రెండో తరగతిలో ఇంకా అక్షరాలు రాని ముగ్గురు పిల్లల పేర్లు రాశాను. మూడింటి పక్కనా నా పేరు రాశాను. సుద్దముక్క ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "నీ పేరు ఎవరి పక్కన రాసుకుంటావో చూసుకోమ్మా," అన్నాను.