గోడకి ఒక ఫొటో

యలమంద జీవితకథ రాద్దామని ఆగిరిపల్లి తోటకు వచ్చిన స్వాతికి, ఆకుల్ని రాసుకుంటూ వస్తున్న గెడకర్ర చప్పుడే ముందు వినిపించింది. ఆ వెనకే మూడడుగుల మనిషి కనిపించారు.

ఒకప్పుడు యలమంద సర్కస్‌లో ఉండేవారు; గుడారం గుమ్మంలో సర్కస్ వాళ్లు ఆయన ఫొటోలు అమ్మేవారు. మరీ పొట్టిగా పడాలని ఎత్తైన కుర్చీ పక్కన నిలబెట్టి తీసేవారు. ఆ అలవాటు పోలేదు. స్వాతి కెమెరా తీయగానే, కాయలు కోసే గెడను పక్కన నిలువుగా పట్టుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వారు.

స్వాతి నేలమీద చతికిలబడింది.

"అట్టా కూర్చుంటే నేను పొట్టిగా పడనమ్మా! ఎవరు కొంటారు?" అన్నారు యలమంద.

"అమ్మడానికి కాదండీ. మీ ఇంట్లో గోడకి."

చెట్టుమీంచి ఎండ దిగినట్టు, ఆయన ముఖంలోంచి ఆ నవ్వు మెల్లగా దిగిపోయింది. గెడను కొమ్మకి ఆనించారు.

"అయితే ఆగమ్మా, మా ఆవిణ్ణి పిలుచుకొస్తా. తనదీ నా ఎత్తే, పక్కనుంటే ఫొటోలు అమ్ముడుపోవని, ఒక్క ఫొటోలోనూ నిలబడనిచ్చేవాళ్లు కాదు."