గీత మీద జేబు

జూన్ ఆరో తేదీన నూట ఎనభై బడి చొక్కాలు కుట్టుషెడ్డుకు తిరిగి వచ్చాయి. అన్నింటికీ జేబు కుడివైపున ఉంది.

యజమాని ఒక చొక్కాను కటింగ్ బల్ల మీద పరిచి, షెడ్డును నడిపే స్కేలమ్మను పిలిచాడు. "జేబులు కుట్టిందెవరో, వాళ్ళను సోమవారం నుంచి రావద్దనండి. మిగతావాళ్ళకు బుద్ధొస్తుంది."

స్కేలమ్మ అన్నది చాటున పిలిచే పేరు. చేతిలో ఎప్పుడూ ఉండే చెక్క స్కేలు వల్ల వచ్చింది. పదిహేనో ఏట ఆమెకు పని నేర్పిన మాస్టరు, కుట్టు వంకరపోతే వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. ఆ దెబ్బలే తనకు అన్నం పెట్టాయని ఆమె నమ్మకం. తాను మాత్రం ఎవరినీ కొట్టలేదు. బల్ల మీద ఒక్కసారి చరిస్తే ఇరవై రెండు మిషన్ల దగ్గర నోళ్ళు మూతపడేవి. "నేను గీసిన గీత ఇక్కడెవరూ దాటరు," అని యజమానితో గర్వంగా చెప్పుకునేది.

జేబులు కుట్టేది ఒక్కరే. షెడ్డంతా ఆమెను జేబుల వదిన అంటారు.

"కళ్ళు నెత్తికెక్కాయా? జేబు ఏ వైపుంటుందో చంటిపిల్లనడిగినా చెబుతుంది!" అని స్కేలమ్మ ఆమె మీద విరుచుకుపడింది.

వదిన తల వంచుకుంది. "గీత ఉన్నచోటే కుట్టాను మేడమ్."

"ఎవరి గీత?"

పక్క మిషన్ దగ్గర ఎవరో దగ్గారు.

స్కేలమ్మ బ్లేడుతో ఒక జేబు విప్పింది. కింద నీలం సుద్దగీత, మూలల్లో చిన్న కొక్కెం. అలా కొక్కెం తిప్పి గీసేది తానొక్కతే. అట్ట అచ్చును తానే తిరగేసి పెట్టి గీసేసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి చొక్కాకే."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"కిందటేడు కాలరు కొలత తప్పిందేమోనని అడిగాను. 'కుట్టేదానివా, గీసేదానివా?' అన్నారు. నెల్లాళ్ళు అందరూ ఆ మాటతోనే నన్ను ఆడుకున్నారు. అప్పట్నుంచీ మీరు గోడ మీద గీసినా కుట్టేస్తాను."

ఎవరో కిసుక్కుమన్నారు. స్కేలు కోసం స్కేలమ్మ చాచిన చెయ్యి సగంలో ఆగింది. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. అందరికీ ముందే తెలుసు. తాను క్రమశిక్షణ అనుకున్నది ఇన్ని నోళ్ళను కుట్టేసిందని ఆమెకు అప్పుడు తట్టింది.

యజమానికి సుద్దగీతలు చదవడం రాదు. వదినను పంపేస్తే స్కేలమ్మ కుర్చీకి ఢోకా లేదు. అయినా ఆమె జేబు విప్పిన ఆ చొక్కా తీసుకుని, యజమాని ఉన్న ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

"తప్పు నాదండీ. రావద్దనాల్సింది నన్ను."

"మీరే ఇలా ఒప్పుకుంటే రేపు మీ మాట ఎవరు వింటారు?"

"వినడం బాగానే వింటున్నారు. అదే మన కొంప ముంచింది."

ఆయన ఎవరినీ పంపలేదు. ఇకపై ఆమె గీతను మరొకరు సరిచూశాకే కత్తెర పడాలన్నాడు. ఆమె జేబుల వదిన పేరు చెప్పింది.

తరువాతి వారం, మంగళవారం ఉదయం, స్కేలమ్మ గీసిన గుడ్డ మీద వదిన టేపు పరిచి, "చంక దగ్గర అరంగుళం తగ్గింది మేడమ్," అంది.

స్కేలమ్మ ముఖం కందగడ్డయింది. "ముప్పయ్యేళ్ళుగా గీస్తున్నాను!"

మిషన్లు ఆగాయి. వదిన టేపు చుట్టేయబోయింది.

"చుట్టకు," అంది స్కేలమ్మ, గొంతు తగ్గించి. "మళ్ళీ కొలిచి చూడు."

ఇద్దరూ వంగి కొలిచారు. గీత సరిగ్గానే ఉంది.

"టేపు నేనే తప్పు పట్టానండీ," అంది వదిన బెదురుగా.

"సరేలే. రెండోది చూడు."