అక్క గ్రాఫులో మూడు చుక్కలు

"అక్క పోయినాదమ్మా, పొయ్యి కాడనే కూలబడినాది" అని బుధవారం పొద్దున పాలు పోసే ఆమె చెప్పింది. నేను నమ్మలేదు. పక్షవాతంతో తొమ్మిదేళ్లుగా మంచంలో ఉన్నది పక్కింటి అక్క కాదు, ఆమె భర్త.

అక్క అనంతపురం కాలేజీలో జీవశాస్త్రం ల్యాబు డిమాన్‌స్ట్రేటరు. బెంగళూరులో పరిశోధన సీటు వచ్చినా ఆయన్ను వదిలి పోలేకపోయింది. "యాడికి పోతానమ్మా, ఈ మంచానికి ఐదో కోడు నేనే" అని నవ్వేది. నాకు ఏడుపొచ్చేది.

బెంగళూరు ప్రొఫెసరు గారు మాత్రం, ఇంట్లోనే ఒక్క ప్రయోగం సరిగా చేసి పంపితే సెలవుల్లో వచ్చి పనిచేసే ఏర్పాటు చూస్తానని రాసి, లాక్టోజు అనే పాలచక్కెర పొట్లం పంపారు. ప్రయోగం సంగతి అక్క నాకు తర్వాత చెప్పింది. సూక్ష్మజీవులకు గ్లూకోజు, పాలచక్కెర కలిపి పెడితే ముందు గ్లూకోజే తింటాయి. అది ఉన్నంతసేపు పాలచక్కెరను అరిగించే ప్రొటీన్‌ను దాదాపు తయారుచేయవు. గ్లూకోజు అయిపోగానే పెరగడం ఆగిపోతుంది, ఆ ప్రొటీన్ తయారయ్యాక మళ్లీ మొదలవుతుంది. "పనిబడితే గానీ పొయ్యి ముట్టించవు. మన మాదిరి కాదు" అనేది. వాటికి కావలసిన వెచ్చదనానికి మా ఊరి మే నెల వంటిల్లే చాలు.

ఆ ఆగడమే గ్రాఫులో చూపించాలి. ప్రతిసారీ సరిగ్గా ఆ వేళకే భర్త మంచం మీంచి పిలిచేవాడు. ఆఖరి చిటికెడు పాలచక్కెర మిగిలిన రోజు, అక్క నన్ను ఆ సూక్ష్మజీవులున్న సీసా ముందు కూర్చోబెట్టింది. పావుగంటకోసారి, అవి పెరిగేకొద్దీ అందులో చిక్కబడే మసకను, నంబర్లు వేసిన గాజుగొట్టాలతో పోల్చి రాయాలి.

"ఏమి రావల్లో చెప్పను. చెప్తే అదే కనబడతాది. నీకు కనబడిందే రాయి" అని లోపలికి పోయింది.

మొదట నంబరు పెరుగుతూ వచ్చింది. ఆ తర్వాత మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అదే నంబరు. నా చూపే సరిగా లేదనుకున్నాను. అక్క దగ్గర చేతకానిదాన్ని అనిపించుకోవడం ఇష్టంలేక, ఒక్కోసారీ కొంచెం పెంచి రాశాను.

అక్క వచ్చి చుక్కలు కలిపింది. గీత ఎక్కడా ఆగకుండా పైకి పోయింది. ఆమె ముఖం చూసి ఉండబట్టలేక నిజం చెప్పేశాను.

"నిలిచిపోయింటే నిలిచిందని రాయొచ్చు గదమ్మా. నిలబడేది తప్పా?" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇప్పుడు దిద్దుకో అక్కా. నాకు బాగా గుర్తుండాది."

"గుర్తుండేది వేరే, చూసి రాసింది వేరే" అని ఆ మూడు చుక్కలూ రబ్బరుతో తుడిచేసింది. ఆ వారమే ఆయనకు మాట కూడా పడిపోయింది. అక్క ఇంకో పొట్లం అడగలేదు.

అప్పటినుంచీ నేను ఉన్నదున్నట్టే చెబుతాను. మా ఇంట్లోవాళ్లకు అదో బాధ. నాకు మాత్రం అది అక్క పెట్టిన బుద్ధి.

నిన్న వాళ్లింటికి పోతే ఆయన్ను పక్కకు తిప్పేవాళ్లు లేరు. నేనే తిప్పాను. పరుపు కింద ఆ గ్రాఫు కాగితం కనబడింది. ఇన్నేళ్లలో ఆ మూడు చుక్కలూ ఎన్నిసార్లు పెట్టిందో, ఎన్నిసార్లు తుడిచిందో, ఆ చోట కాగితం అరిగి చిల్లిపడి ఉంది.