పొడుగు సీటు బండి కోసం జల్‌పల్లి దాక

పొద్దున ఏడు గొట్టంగ ఇబ్రహీంపట్నం బస్టాండుల నిలబడ్డం, నేను, నా పెండ్లాం సత్తెమ్మ. పాత బండి కొనెతందుకు జల్‌పల్లి దాక పోవాలె. సత్తెమ్మను ఇంట్ల ఉండమన్న. ఇంటదా?

"పండుకునేది నేను, సీటు చూసేది నువ్వా?" అన్నది.

ఆ మాటకు కారణం ఉన్నది. సత్తెమ్మ కిడ్నీలు రెండు చెడిపోయినయ్. వారానికి రెండుసార్లు పట్నం దవాఖానల మిషన్ పెట్టి రక్తం కడుగుతరు. పోయేటప్పుడు ఎట్లనో పోతది. వచ్చేటప్పుడు చూడాలె దాని గోస. బస్సుల సీటు దొరకదు, కడ్డీ పట్టుకొని ఊగుకుంట నిలబడ్తది. ఒకనాడు తుర్కయాంజాల్ దాటినంక నా మీదనే కూలబడ్డది. సొంత బండి కొనాలెనని ఆ రోజే అనుకున్న. మాకున్న పొలం వెంచరోళ్లకు అమ్మినం, ఆ పైసలు దవాఖానకు పోంగ ఇంక కొన్ని ఉన్నయ్. దవాఖాన రోజుల్ల బండి సత్తెమ్మకు, తక్కిన రోజుల్ల సాగర్ రోడ్డు మీద మనుషులను ఎక్కిచ్చుకొని సర్వీసు కొట్టాలె. ట్రాక్టరు నడిపిన చెయ్యి నాది, బండొక లెక్క గాదు. పొలం పోయినంక మాకు బతుకుదెరువంటే ఇగ అదే.

బస్టాండు బయట యాదయ్య జీపు ఖాళీగ ఉన్నది. యాదయ్య మా ఊరోడే. ఎండకాలంల పట్నం దవాఖాన నుంచి ఒక ముసలాయన పీనుగను సీట్లల్ల పండబెట్టి తెచ్చిండు. సంగతి తెలిసిన కాంచి ఆ జీపు ఎవ్వరు ఎక్కుతలేరు. టాపు మీద కట్టి తెస్తే ఎవ్వరికి పట్టింపు లేదు, రెండు బకెట్ల నీళ్లు కొడితే మైల పోతది. సీట్లల్ల పండబెడితే మాత్రం పోదు. మా తాన గట్లనే. సత్తెమ్మ ఆ జీపు దిక్కు శానసేపు చూసింది.

"పాపం, వాని పిల్లలేం తింటున్నరో" అన్నది.

ఏడున్నరకు సిటీ బస్సొచ్చింది. పొద్దుగాల గనుక కిటికీ కాడ సీటు దొరికింది, సత్తెమ్మను కూసోబెట్టిన. రోడ్డు పొంట రెండు దిక్కుల వెంచర్ల జెండాలే. జొన్న చేన్లల్ల తెల్ల రాళ్లు పాతిండ్రు. తుర్కయాంజాల్‌ల ఒకాయన ఎక్కి నా పక్కన నిలబడ్డడు. గుంటూరు దిక్కాయన, ఈడ టిఫిన్ సెంటర్ పెట్టుకున్నడట. బండి కొనపోతున్నమంటే సలహా చెప్పిండు.

"వెనకాల ఎదురెదురు బెంచీలున్న బండి తీసుకోకండి. అడ్డంగా కూర్చుంటే మా ఆవిడ ఒకటే వాంతులండి బాబూ! అన్నీ ముందుకు చూసే సీట్లే ఉండాలి."

"సర్వీసుకు బెంచీలే నయం అన్న. జర ఇరికిస్తే వెనకనే ఆరుగురు పడ్తరు" అన్న.

ఆయన నవ్విండు. "మీ వైపు గజం ఎంత పలుకుతోందండి?" అని అడిగిండు.

"నాది అమ్ముడుపోయింది. ఇగ ఎంత పలికితే నాకేంది?" అన్న. కోపం ఆయన మీద గాదు గని మాట గట్లనే వచ్చింది.

ఎల్బీ నగర్‌ల దిగి బండి మీద ఇడ్లి తిన్నం. సత్తెమ్మ చట్నీ ముట్టదు, ఉప్పు వద్దన్నరు. నీళ్లు గూడ రెండు గుక్కలే తాగాలె. ఆడికెళ్లి ఆటో మాట్లాడుకొని జల్‌పల్లి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. చెరువు అవుతల రేకుల కాంపౌండుల పాత బండ్లు పెట్టి అమ్ముతడు ఒక సేటు. తెల్లగడ్డం, మంచి మనిషే. పది మంది పట్టే బండ్లు నాలుగు చూపిచ్చిండు.

మొదటి దాన్ల నడిమి వరసల రెండు కుర్చీ సీట్లు, దేనికది విడిగ. కూసోను మస్తున్నయ్. సత్తెమ్మ ఎక్కి పండుకోబోయింది, నడుము సందుల దిగింది. "గిది దొరలకు పనికొస్తది" అని దిగింది.

రెండో దాని టాపు కోసి అద్దం పెట్టిచ్చిండ్రు. "హవా మస్తు వస్తది అమ్మా" అన్నడు సేటు. కింద సీటు తట్టి చూసిన, తడి. కొండ నాలుక్కు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, గాలి కోసం కోస్తే వాన వస్తున్నది.

మూడోదాన్ల నడిమి సీటు ఒకటే పొడుగుది. సత్తెమ్మ పండుకొని కండ్లు మూసింది. అది గట్ల పండుకుంటే నాకే పాణం నిమ్మళమైంది. ఇగ ఇదే ఖాయమనుకున్న. సత్తెమ్మ లేచి బయటికొచ్చి టాపు దిక్కు చూసింది. కేరియర్ సగం దాకనే ఉన్నది.

"ఎక్కి పండుకో" అన్నది నన్ను.

"ఏడ?"

"గా కేరియర్ మీద. సామాన్లు ఎంత పడ్తయో తెల్వాలె గద."

"నా అంత పొడుగు బస్తా ఏడనన్న చూసినవా?" అన్న. ఇంటేనా! ఎక్కి పండుకున్న. సేటు పడి పడి నవ్విండు.

"కాళ్లు బయటికొస్తున్నయ్. వద్దు" అన్నది.

నాలుగోదానికి నడుమ పొడుగు సీటే, వెనక బెంచీలు. స్పంజి అక్కడక్కడ చినిగింది. టాపు మీద ఈ కొసకెళ్లి ఆ కొస దాక కేరియర్, చెక్కలు పరిచి ఉన్నయ్, వెనక నిచ్చెన. మళ్ల ఎక్కిచ్చింది. ఎండకు కాలిన చెక్కలు, మొలల నెత్తులు వీపుకు గుచ్చుకున్నయ్.

"నెత్తి తాకుతున్నదా?"

"లేదు."

"కాళ్లు?"

"పడుతున్నయ్ తల్లీ, ఇగ దిగాల్నా?"

"దిగు. గిదే తీస్కుందాం."

కేరియర్ తీసేస్తే డీజిల్ తక్కువ తాగుతదని సేటునడిగిన. సత్తెమ్మ కస్సుమన్నది. "కేరియర్ లేకుంటే బండే వద్దు!" బేరం దానికే ఇడిసిపెట్టిన, నోరు దానిదే మంచిది. కాయితాలు చూసుకొని బయటపడేసరికి రెండైంది.

సాగర్ రోడ్డు ఎక్కినం. సత్తెమ్మ నడిమి సీటు మీద పండుకున్నది, నెత్తి నా ఎన్కకే. బండి మంచిగనే గుంజుతున్నది. తుర్కయాంజాల్ దాటినంక నిద్రపోయిందేమో అనుకున్న.

"ఏమయ్యా" అన్నది. "నేను పోయిన్నాడు నన్ను టాపు మీద కట్టి తీస్కరా. సీట్లల్ల పెట్టకు. యాదయ్య లెక్క కావొద్దు నీ బతుకు. గందుకే నీతోని కొలిపిచ్చిన. నువ్వు పట్టినవంటే నేను పడ్త."

పొద్దటి సంది బస్తాల కోసమనుకున్న పిచ్చోణ్ణి నేను. ఇబ్రహీంపట్నం చెరువు కాడ బండి పక్కకు ఆపిన.

"నోర్ముయ్!" అన్న.

"ఉన్నమాటంటే ఉలుకు నీకు. నోరు మూస్తే చావు ఆగుతదా? పొలం పోయింది, నేను పోత, బండన్న ఉండాలె గద నీకు. సరే అను."

ఏడ్పాగలేదు నాకు. అది లేచి కూసొని నా భుజం మీద చెయ్యేసింది. సరే అన్నదాక తియ్యలేదు. "సరే" అన్న. "నడుపు, ఆకలైతున్నది" అన్నది.

వానకాలమంత ఆ సీటు మీద పండుకొనే వచ్చింది. మళ్ల కడ్డీ పట్టుకోలేదు. వానలు ఎన్కబడ్డంక, ఒక మధ్యాహ్నం దవాఖానల పాణం పోయింది. తెల్ల బట్ట చుట్టి ఇచ్చిండ్రు. మాట యాదికున్నది. మా బామ్మర్ది తాడు పట్టుకొని నిచ్చెన ఎక్కిండు గూడ. నేను కింద నిలబడి పైకి చూసిన. నేను పండుకున్న గద ఆడ. ఆ చెక్కలు ఎట్ల కాలుతయో, మొలలు ఏడేడ గుచ్చుకుంటయో నాకెరుక.

"దిగురా" అన్న.

నడిమి సీటు మీదనే పండబెట్టి తెచ్చుకున్న. సాగర్ రోడ్డు పొంట జనమంత చూసిండ్రు. ఇప్పుడు నా బండి యాదయ్య జీపు పక్కన నిలబడ్తది. మనుషులు ఎక్కరు. కేరియర్ మీద మార్కెట్టుకు కూరగాయల మూటలు కొడుత, లోపల సీట్లన్ని ఖాళీగ పోతయ్. సత్తెమ్మ ఉంటే మస్తు తిట్టేది.

పాత బండి కొనపోయేటోళ్లు ఉంటే చెప్తున్న. టాపు, కేరియర్ తర్వాత చూస్కోండ్రి. ముందుగాల నడిమి సీటు పొడుగున్నదా లేదా చూడుండ్రి. మీ మనిషిని తీస్కపోయి పండబెట్టి చూడుండ్రి.